పొడుపుకథ పేరు పెట్టిన వైద్యుడు

జీవశాస్త్రం పాఠాల్లో స్ఫింగోమైలిన్ అనే మాట ఎదురైతే పిల్లలు దాన్ని నోరు తిరగని పేర్ల జాబితాలో వేసి, పరీక్ష దాకా బట్టీ పట్టి, ఆ తర్వాత మరిచిపోతారు. ఆ మాటలో ఒక గ్రీకు పురాణ కథ ఉంది. ఊరు విడిచి, భాష మార్చుకుని, ముప్ఫై ఏళ్లు ఒకే ప్రశ్న వెంట నడిచిన ఒక మనిషి జీవితమూ ఉంది. ఆయన పేరు యోహాన్ లుడ్విగ్ విల్హెల్మ్ టూడిఖుం. మెదడు రసాయన శాస్త్రానికి పునాది వేసినవాడని ఈనాడు ప్రపంచమంతా ఒప్పుకుంటుంది. ఆయన బతికి ఉండగా మాత్రం ఆ మాట అన్నవాళ్లు చాలా తక్కువ. ఈ వారం మేం ఆయన కథ చెప్పదలచుకున్నాం. అందులో మన బడులకూ మన ఇళ్లకూ పనికొచ్చే సంగతులు రెండున్నాయి.

బడిపంతులు ఇంట పుట్టినవాడు

టూడిఖుం 1829 ఆగస్టు 27న జర్మనీలోని హెస్సే ప్రాంతంలో బ్యూడింగెన్ అనే చిన్న పట్టణంలో పుట్టారు. తండ్రి గియోర్గ్ టూడిఖుం మతబోధకుడు, ఆ ఊరి ఉన్నత పాఠశాలకు పెద్ద. ప్రాచీన గ్రీకు భాషలో దిట్ట. సోఫోక్లిస్ విషాద నాటకాలను జర్మన్‌లోకి అనువదించినవాడు. అంటే మన కథానాయకుడు పుస్తకాల మధ్య, రెండు మూడు భాషల మధ్య పెరిగాడన్నమాట. ఈ విషయం గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

గీసెన్ విశ్వవిద్యాలయంలో వైద్యం చదివారు. అప్పుడక్కడ యూస్టుస్ ఫాన్ లీబిగ్ రసాయన శాస్త్రం చెప్పేవారు. ప్రయోగశాలలో విద్యార్థి తన చేత్తో తానే పనిచేసి నేర్చుకోవాలన్న పద్ధతిని ప్రపంచానికి అలవాటు చేసింది ఆ లీబిగ్ గారే. మనిషి శరీరంలో జరిగేదంతా రసాయనమేనని, దాన్ని తూచి కొలిచి తెలుసుకోవచ్చని టూడిఖుంకు అక్కడే నమ్మకం కుదిరింది. 1850లో ష్లెస్విగ్-హోల్‌స్టైన్ యుద్ధంలో గాయపడ్డవాళ్లకు వైద్యం చేయడానికి స్వచ్ఛందంగా వెళ్లారు. 1851లో వైద్య పట్టా చేతికొచ్చింది.

అవి జర్మనీలో కలతల రోజులు. 1848లో ప్రజాస్వామ్యం కోసం లేచిన ఉద్యమం అణగిపోయింది. దానివైపు మొగ్గిన యువకులను ప్రభుత్వాలు అనుమానంగా చూసేవి. టూడిఖుం కూడా ఆ భావాలున్నవాడే. గీసెన్‌లో ఆయన కోరుకున్న ఉద్యోగం దక్కకపోవడానికి అదే కారణమని ఆయన చరిత్ర రాసినవాళ్లు చెబుతారు. 1853లో, ఇరవై నాలుగేళ్లు నిండే వయసులో, ఆయన లండన్ చేరారు. పెళ్లాడదలచుకున్న షార్లెట్ డ్యుప్రే కుటుంబం అప్పటికే అక్కడ ఉంది. మరుసటి ఏడాది పెళ్లయింది. ఆ తర్వాత ఆయన బతుకంతా లండన్‌లోనే గడిచింది. బ్రిటిష్ పౌరుడయ్యారు. పాఠాలు చెప్పిందీ, పుస్తకాలు రాసిందీ ఎక్కువగా ఇంగ్లీషులోనే.

ఇల్లు గడవడానికి వైద్యం చేస్తూనే పరిశోధన సాగించారు. 1858లో మూత్ర పరీక్ష గురించి, 1863లో పిత్తాశయంలో రాళ్ల గురించి పుస్తకాలు వెలువరించారు. మూత్రానికి పసుపు రంగునిచ్చే పదార్థంపై చేసిన పనికి బ్రిటిష్ వైద్య సంఘం పతకం వచ్చింది. గుడ్డు సొనలోని పసుపు పదార్థాన్ని పరిశీలించి లుటీన్ అన్నారు. ఈరోజు కంటి మందుల డబ్బాల మీద మనం చదివే లుటిన్ అన్న పేరు అక్కడి నుంచి వచ్చిందే. 1865 నుంచి 1871 దాకా లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో రోగ రసాయన ప్రయోగశాలను నడిపారు.

జ్వరం నుంచి మెదడుకు

ఆ కాలంలో బ్రిటిష్ ప్రభుత్వానికి ఆరోగ్య సలహాదారుగా జాన్ సైమన్ ఉండేవారు. జబ్బు వచ్చాక మందు వెతకడం కాదు, జబ్బు శరీరంలో ఏం మారుస్తుందో ముందు తెలుసుకోవాలన్నది ఆయన పట్టుదల. దానికోసం ప్రభుత్వ సొమ్ము ఇప్పించి టూడిఖుంకు పని అప్పగించారు. కలరా మీద కూడా టూడిఖుం రసాయన పరిశోధన చేశారు. అప్పట్లో జనాన్ని పీడించిన మరో జబ్బు టైఫస్. మనం టైఫాయిడ్ అనుకునే జ్వరం కాదిది, వేరే జబ్బు. ఈ రోగులకు మతి తప్పేది, కలవరింతలు వచ్చేవి. జ్వరం మెదడులో ఏదో మారుస్తోందని తెలుస్తూనే ఉంది. ఏం మారుస్తోంది?

ఇక్కడ టూడిఖుం ఒక మెట్టు వెనక్కి వేశారు. జబ్బుపడ్డ మెదడులో ఏం మారిందో చెప్పాలంటే, ఆరోగ్యంగా ఉన్న మెదడులో ఏముందో ముందు తెలియాలి కదా. ఆ సంగతి అప్పటికి ఎవరికీ సరిగ్గా తెలియదు. అది తేల్చడానికే ఆయన జీవితంలో పెద్ద భాగం ఖర్చయింది. వెయ్యికి పైగా మెదళ్లను ఆయన పరీక్షించారని చెబుతారు. వాటిలో ఎద్దులవీ ఉన్నాయి, మనుషులవీ ఉన్నాయి.

పని తీరు ఇలా ఉండేది. మెదడు మీది పొరలు, నెత్తురు తీసేసి, మెత్తగా చేసి, వెచ్చని ఆల్కహాల్‌లో నానబెట్టేవారు. ఆ ద్రవం చల్లారితే తెల్లని ముద్ద అడుగున పేరుకుంటుంది. దాన్ని ఈథర్‌తో కడిగితే కొంత కరుగుతుంది, కొంత మిగులుతుంది. సీసం లవణం కలిపితే ఒకటి, కాడ్మియం లవణం కలిపితే ఇంకొకటి విడివడతాయి. అలా విడదీసిన ప్రతి పదార్థాన్నీ ఆమ్లంతో ముక్కలు చేసి, ఆ ముక్కలేమిటో, ఒక్కొక్కటి ఎంత తూగుతుందో చూసేవారు. ముక్కల లెక్క మొత్తానికి సరిపోతేనే నమ్మేవారు.

అలా బయటపడ్డవాటిలో సెఫాలిన్ ఉంది. చక్కెర కలిగిన కొవ్వులున్నాయి, వాటికి సెరెబ్రోసైడ్లు అని పేరు పెట్టారు. భాస్వరం కలిగిన స్ఫింగోమైలిన్ ఉంది. సెరెబ్రోసైడ్లనూ స్ఫింగోమైలిన్‌నూ ముక్కలు చేసినప్పుడు రెండింటిలోనూ ఒకే వింత ముక్క కనిపించింది. అది అప్పటిదాకా తెలిసిన ఏ కొవ్వులోనూ లేనిది. కొంత కొవ్వు లక్షణం, కొంత క్షార లక్షణం, నత్రజని కూడా ఉంది. ఎక్కడి నుంచి వచ్చిందో, ఎందుకుందో అంతుపట్టలేదు.

అప్పుడాయన గ్రీకు పురాణం వైపు చూశారు. థీబ్స్ నగరం బయట స్ఫింక్స్ అనే వింత జీవి కూర్చుని, దారిన పోయేవాళ్లను పొడుపుకథ అడిగేదట, విప్పలేనివాళ్లను చంపేదట. మన యక్షప్రశ్నల్లో చెరువు గట్టున కూర్చున్న యక్షుడి లాంటిదే అనుకోండి. తనను అన్ని చిక్కు ప్రశ్నలు అడిగిన ఆ పదార్థానికి టూడిఖుం స్ఫింగోసిన్ అని పేరు పెట్టారు. ఇప్పుడు మనం స్ఫింగోసిన్ అనీ, స్ఫింగోసైన్ అనీ పలుకుతున్నాం. స్ఫింక్స్ పొడుపుకథ విప్పిన ఈడిపస్ కథను నాటకంగా రాసింది సోఫోక్లిస్, దాన్ని జర్మన్ చేసింది టూడిఖుం తండ్రి. ప్రయోగశాలలో పేరు కోసం వెతుక్కుంటున్న కొడుక్కి ఇంట్లో విన్న కథ తట్టి ఉంటుందని మేం అనుకుంటున్నాం. ఈ పనంతా 1884లో మెదడు రసాయన నిర్మాణంపై ఆయన ప్రచురించిన ఇంగ్లీషు గ్రంథంలో ఉంది.

ఒకే పదార్థమా, మిశ్రమమా

గ్రంథం వచ్చింది గానీ మెప్పు రాలేదు. కారణం ప్రోటాగాన్ అనే పేరు. 1865లో ఆస్కార్ లీబ్రైఖ్ అనే జర్మన్ శాస్త్రవేత్త, మెదడు ముఖ్యంగా ప్రోటాగాన్ అనే ఒకే ఒక పెద్ద పదార్థంతో తయారైందని ప్రకటించారు. పెద్దపెద్దవాళ్లు దాన్ని నమ్మారు. ఇంగ్లండ్‌లో మాంచెస్టర్ ఆచార్యుడు ఆర్థర్ గాంజీ దాన్ని సమర్థించారు. జర్మనీలో జీవరసాయన శాస్త్రానికి పెద్దదిక్కుగా ఉన్న హోప్పె-సైలర్ టూడిఖుం పనిని తప్పుబట్టారు.

టూడిఖుం వాదన సూటిగా ఉంది. తరగతి గదిలో కూడా చెప్పవచ్చు. పటికబెల్లాన్ని నీళ్లలో కరిగించి మళ్లీ గడ్డకట్టిస్తే వచ్చేది పటికబెల్లమే. ఎన్నిసార్లు చేసినా దాని కూర్పు మారదు. రెండు మూడు పదార్థాలు కలిసిన పొడిని అలాగే కరిగించి గడ్డకట్టిస్తూ పోతే, ప్రతిసారీ వాటి పాళ్లు మారుతుంటాయి. ప్రోటాగాన్‌ను కరిగించి గడ్డకట్టించిన కొద్దీ అందులోని భాస్వరం పాలు మారుతోంది. కాబట్టి అది ఒకే పదార్థం కాదు, మిశ్రమం. పై మాటకు ఇంతకంటే రుజువు అక్కర్లేదు. అయినా పేరున్నవాళ్ల మాట ముందు ఆ రుజువు నిలబడలేదు.

ఆయన రాసిన నివేదికలు బ్రిటిష్ ప్రభుత్వ ఆరోగ్య నివేదికల మధ్య అచ్చయ్యేవి. మెదడు రసాయనంలో అప్పట్లో ముందున్న జర్మన్ శాస్త్రవేత్తల్లో వాటిని తిరగేసినవాళ్లు ఎందరు? లండన్‌లోనేమో ఆయన జర్మనీ నుంచి వచ్చినవాడు. పుట్టిన చోట పరాయి భాషలో రాసేవాడు, స్థిరపడ్డ చోట పరాయి దేశం నుంచి వచ్చినవాడు. పైగా మనిషి మాట దురుసు. ఎదుటివాళ్ల తప్పును మెత్తగా చెప్పడం ఆయనకు చేతకాలేదు. అది కూడా ఆయనకు చెరుపే చేసింది.

ఇంత గొడవలోనూ ఆయన ముఖం ముడుచుకుని కూర్చున్న మనిషి కాదు. రసాయనవేత్త ఆగస్ట్ డ్యుప్రేతో కలిసి 1872లో ద్రాక్షసారాయిపై పెద్ద గ్రంథం రాశారు. 1895లో వంట శాస్త్రంపై మరో పుస్తకం రాశారు. ముక్కు, చెవి, గొంతు వైద్యంలో పేరు తెచ్చుకున్నారు. ఇంట్లో పాటలు, సంగీతం ఉండేవి.

చివరి ఏడాదుల్లో ఆయన ఒక పని చేశారు. మెదడు మీద తాను రాసినదాన్ని మాతృభాషలో మళ్లీ సిద్ధం చేశారు. ఆ జర్మన్ గ్రంథం 1901లో ట్యూబింగెన్‌లో అచ్చయింది. అదే ఏడాది సెప్టెంబరు 7న ఆయన లండన్‌లో కన్నుమూశారు. ఆ తర్వాత పదేళ్లలోపే, లండన్‌లో ఆటో రోజెన్‌హైమ్, క్రిస్టీన్ టెబ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ప్రోటాగాన్ మిశ్రమమేనని మరోసారి తేల్చిచూపారు. టూడిఖుం చెప్పింది నిజమని శాస్త్రలోకం ఒప్పుకుంది. వినడానికి ఆయన లేరు.

పొడుపుకథ విప్పితే ఏం తేలింది

స్ఫింగోసిన్ అణువు ఎలా ఉంటుందో పూర్తిగా తేలడానికి 1947 దాకా పట్టింది. అమెరికా శాస్త్రవేత్త హెర్బర్ట్ కార్టర్, ఆయన సహచరులు ఆ పని ముగించి, స్ఫింగోసిన్ వెన్నెముకగా ఉన్న కొవ్వులన్నిటినీ కలిపి స్ఫింగోలిపిడ్లు అన్నారు. వీటి కూర్పు సులువే. స్ఫింగోసిన్‌కు ఒక కొవ్వు ఆమ్లం తగిలిస్తే సెరమైడ్. దానికి భాస్వరం, కోలిన్ ఉన్న తల తగిలిస్తే స్ఫింగోమైలిన్. ఒక చక్కెర తగిలిస్తే సెరెబ్రోసైడ్. సయాలిక్ ఆమ్లంతో కూడిన చక్కెరల గొలుసు తగిలిస్తే గాంగ్లియోసైడ్.

ఇవి మెదడుకే పరిమితం కావు. నరాల మీద కరెంటు తీగకు ప్లాస్టిక్ తొడుగులా ఉండే మైలిన్ పొరలో ఇవి దండిగా ఉంటాయి. చర్మం పైపొరలో సెరమైడ్లే నీరు ఆవిరైపోకుండా కాపలా కాస్తాయి. ప్రతి కణం చుట్టూ ఉన్న పొరలో ఇవి ఉండి, ఎవరు తనవాళ్లో ఎవరు పరాయివాళ్లో గుర్తుపట్టడంలో సాయపడతాయి. కణం పెరగాలా, చావాలా అన్న సంకేతాలు కూడా కొన్ని వీటి నుంచే వెళతాయని 1980ల తర్వాత తెలిసింది. ఒక విచిత్రం చూడండి. కలరా సూక్ష్మజీవి వదిలే విషం మన పేగు కణాల్లో దూరడానికి పట్టుకునే గడియ ఒక గాంగ్లియోసైడే. టూడిఖుం కలరాను పరిశీలించారు, మెదడు కొవ్వులనూ పరిశీలించారు. ఆ రెండింటికీ ఈ చుట్టరికం ఉందని తెలియడానికి ఇంకో వందేళ్లు పట్టింది.

జబ్బుల సంగతి దీనికంటే ముఖ్యం. కణంలో పాతబడ్డ స్ఫింగోలిపిడ్లను ముక్కలు చేసి పారేయడానికి ఒక్కోదానికి ఒక్కో ఎంజైమ్ ఉంటుంది. పుట్టుకతోనే ఆ ఎంజైమ్ లోపిస్తే, చెత్త ఎత్తని వీధిలా ఆ కొవ్వు పేరుకుపోతుంది. 1881లో లండన్‌లోనే వారెన్ టే అనే కంటి వైద్యుడు ఒక పసిబిడ్డ కంటి లోపల ఎర్రని మచ్చ చూశారు. అది ఈనాడు మనం టే-శాక్స్ అంటున్న జబ్బు, మెదడులో గాంగ్లియోసైడ్ పేరుకునే జబ్బు. అప్పుడు అదే నగరంలో టూడిఖుం ఆ కొవ్వుల కుటుంబాన్నే విడదీస్తున్నారు. 1882లో ప్యారిస్‌లో వైద్య విద్యార్థి ఫిలిప్ గాషే ప్లీహం బాగా ఉబ్బిన రోగి గురించి రాశారు. అక్కడ పేరుకున్నది ఒక సెరెబ్రోసైడ్. నీమన్-పిక్ జబ్బులోని రెండు రకాల్లో స్ఫింగోమైలిన్ పేరుకుంటుంది. క్రాబే జబ్బులో టూడిఖుం పేరు పెట్టిన మరో పదార్థం, సైకోసిన్, మైలిన్ తయారుచేసే కణాలను చంపుతుంది.

టూడిఖుం ఆరోగ్యవంతమైన మెదడుతో మొదలుపెట్టి ఉండకపోతే ఈ జబ్బుల్లో ఏం పేరుకుంటోందో చెప్పడానికి మాటలే ఉండేవి కావు. ఆ మాటలున్నాయి కాబట్టే 1960లలో అమెరికాలో రాస్కో బ్రాడీ బృందం గాషే జబ్బులో ఏ ఎంజైమ్ లోపించిందో కనిపెట్టగలిగింది. 1991లో ఆ ఎంజైమ్‌నే మందుగా ఎక్కించడానికి అక్కడ అనుమతి వచ్చింది.

మన ఇళ్లలో ఆలోచించాల్సింది

ఈ జబ్బులు అరుదు. అయినా మేం వీటిని ఇక్కడ ప్రస్తావించడానికి కారణముంది. వీటిలో చాలావరకు తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ లోపమున్న జన్యువు వస్తేనే బిడ్డకు జబ్బు వస్తుంది. ఒక్కరి నుంచే వస్తే ఆ మనిషి ఆరోగ్యంగానే ఉంటాడు, లోపం ఉన్నట్టు తెలియను కూడా తెలియదు. ఇద్దరిలోనూ ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. ఒకే తాత సంతతి పెళ్లాడితే ఇద్దరిలోనూ అదే లోపం ఉండే అవకాశం పెరుగుతుంది. హోసూరులోనైనా, బళ్లారిలోనైనా, బరంపురంలోనైనా, షోలాపూర్‌లోనైనా, చుట్టూ వేరే భాష ఉన్నచోట మన సంబంధాలు మనలోనే, తరచూ మేనరికంలోనే కుదుర్చుకోవడం తరతరాలుగా ఉన్నదే. ఆ ఆచారాన్ని నిందించడం మా ఉద్దేశం కాదు. కుటుంబంలో చిన్నతనంలోనే పిల్లలు నరాల జబ్బుతో పోయిన చరిత్ర ఉంటే, పెళ్లికి ముందో కాన్పుకు ముందో జన్యు సలహా తీసుకోమని మాత్రం చెప్పదలచుకున్నాం.

బడిలో టీచర్లు, ఇంట్లో పెద్దలు గమనించాల్సినవి కొన్ని ఉన్నాయి. కూర్చోవడం, పట్టుకోవడం నేర్చిన పసిబిడ్డ ఆ నేర్చినవే మరిచిపోతుంటే, చిన్న చప్పుడుకే మరీ ఉలిక్కిపడుతుంటే ఆలస్యం చేయకూడదు. బడి పిల్లల్లో పొట్ట ఎడమవైపు ఉబ్బుగా ఉండి, నెత్తురు తక్కువై, ఎముకల నొప్పులని చెబుతూ, చిన్న దెబ్బకే కమిలిపోతుంటే డాక్టరుకు చూపించాలి. వీటికి వేరే మామూలు కారణాలే ఎక్కువగా ఉంటాయి, భయపడనక్కర్లేదు. డాక్టరుకు అనుమానం వస్తే రక్తంలో ఎంజైమ్ పరీక్ష చేయిస్తారు. అరుదైన జబ్బులపై కేంద్రం 2021లో ప్రకటించిన విధానం కింద హైదరాబాద్‌లో నిమ్స్‌తో కలిసి సీడీఎఫ్‌డీ, బెంగళూరులో సెంటర్ ఫర్ హ్యూమన్ జెనెటిక్స్, ముంబయిలో కేఈఎం ఆసుపత్రి ఇలాంటి కేసులు చూసే కేంద్రాలుగా ఉన్నాయి.

ఇక బడి సంగతి. మన పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీనో, పుస్తకంలో ఇంగ్లీషు మాట్లాడుతూ పెరుగుతున్నారు. ఇన్ని భాషల మధ్య సైన్సు వెనకబడిపోతుందేమోనని తల్లిదండ్రులు బెంగపడుతుంటారు. టూడిఖుం రాసింది ఇంగ్లీషులో, చివరకు తిరిగి రాసుకున్నది జర్మన్‌లో, పేరు పెట్టుకున్నది తండ్రి చెప్పిన గ్రీకు కథలోంచి. భాష మారినందుకు ఆయనకు కష్టమూ కలిగింది, ఆ కష్టం చిన్నదేమీ కాదు. కానీ ప్రశ్న ఆయన్ను ఏ భాషలోనూ వదిలిపెట్టలేదు. ఈసారి తరగతిలో స్ఫింగోమైలిన్ అన్న మాట వచ్చినప్పుడు, బట్టీ పట్టించే ముందు పిల్లలకు ఆ స్ఫింక్స్ కథ, పక్కనే మన యక్షుడి కథ తెలుగులో చెప్పి చూడండి. పటికబెల్లం, ఉప్పు కలిపిన పొడి రెండు గ్లాసుల్లో పెట్టి, ఏది ఒకే పదార్థమో, ఏది మిశ్రమమో ఎలా తేల్చాలో వాళ్లనే అడగండి.